నియంతల మీద తీసిన సినిమాల్లో ఏది, ఎవరితో కలిసి చూడాలి

నియంతను తెర మీద ఎద్దేవా చేసిన సినిమాలన్నీ ఒక కోవకు చెందినవి కావు. కొన్నిటిలో నవ్వు నేరుగా నియంత మీద పడుతుంది. కొన్నిటిలో అతని చుట్టూ చేరి తలలూపే కొలువు మీద పడుతుంది. మరికొన్నిటిలో మైదానంలో నిలబడి జేజేలు కొట్టే జనం మీద, అంటే తెర ముందు కూర్చున్న మన మీదనే పడుతుంది. ఏ సినిమా ఎంచుకోవాలన్నప్పుడు దర్శకుడి పేరు, వచ్చిన అవార్డులు, ఇంటర్నెట్‌లో రేటింగు చూసుకోవడం కంటే ముందుగా ఈ ఒక్క సంగతి తేల్చుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో పదిహేను ఇరవై మంది ఒక కాలేజీ సెమినార్ హాలులోనో, ఎవరి మిద్దె మీదనో ప్రొజెక్టర్ పెట్టుకుని సినిమా చూసి, ఆ తర్వాత కాసేపు మాట్లాడుకోవాలనుకునే వారిని దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను.

మన ప్రాంతపు ప్రేక్షకులకు రెండు అలవాట్లున్నాయి, ఎంపికలో రెంటినీ లెక్కలోకి తీసుకోవాలి. మొదటిది చాలా పాతది, మంచిది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారులు ఈనాటికీ నిలబెట్టుకొస్తున్న తోలుబొమ్మలాటలో రావణుడో దుర్యోధనుడో కొలువు తీరి గర్జించాక, కేతిగాడో జుట్టుపోలిగాడో తెర మీదికి దూకి ఆ దర్పాన్నంతా నేలకు దించేస్తాడు. ఏలేవాడిని గేలి చేయవచ్చునన్న సంగతి మన పల్లెలకు సినిమా పుట్టకముందే తెలుసు. రెండవ అలవాటు గత పాతిక ముప్పై ఏళ్ళలో వచ్చింది. సీమ పేరు చెప్పుకుని వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు, వరుసగా ఆగిన సుమోల్లోంచి దిగి కన్నెర్ర చేసే మనిషిని చూసి ఈల వేయడం నేర్పాయి. భయపెట్టగలవాడే గొప్పవాడన్న భావన మధ్య పెరిగిన కుర్రవాళ్ళకు నియంత బలాన్ని భారీగా చూపించే సినిమా పెడితే, అదే ఈల మళ్ళీ వినిపిస్తుంది. అందువల్ల నియంత ఎంత క్రూరుడో చూపే సినిమా కంటే, అతనిని ఎవరెవరు, ఏ భయంతో, ఏ ఆశతో నిలబెడుతున్నారో చూపే సినిమాకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఈ విషయంలో అందరికీ ముందుగా గుర్తొచ్చేది చార్లీ చాప్లిన్ ‘ది గ్రేట్ డిక్టేటర్’. 1939 సెప్టెంబరులో, ఐరోపాలో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే చిత్రీకరణ ప్రారంభమై, 1940 అక్టోబరులో విడుదలైన ఈ సినిమాకు ఆయన సొంత డబ్బు పెట్టారు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. చాప్లిన్, హిట్లర్ ఇద్దరూ 1889 ఏప్రిల్‌లో నాలుగు రోజుల తేడాతో పుట్టినవారు, ఇద్దరికీ ప్రపంచం గుర్తుపట్టే మీసకట్టు ఒక్కటే. టొమేనియా అనే కల్పిత దేశాన్ని ఏలే హింకెల్‌గానూ, అచ్చం అతనిలాగే ఉండే పేద యూదు క్షురకుడిగానూ చాప్లినే నటించారు. హింకెల్ ప్రసంగం జర్మన్ భాషలా వినిపించే అర్థం లేని శబ్దాల ప్రవాహం. ఆ అరుపులకు ఎదురుగా ఉన్న మైకు వెనక్కి వంగిపోతుంది. సబ్‌టైటిళ్ళు చదవలేని పెద్దవాళ్ళు కూడా ఈ దృశ్యాన్ని చివరిదాకా ఆనందిస్తారు, ఎందుకంటే ఇందులో తెలియకపోతే నష్టపోయే మాట ఒక్కటీ లేదు. పొరుగు దేశపు నియంత నాపలోనీ వచ్చినప్పుడు ఇద్దరూ క్షవరం కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని, ఒకరికంటే ఒకరు ఎత్తులో ఉండాలని కుర్చీలను పైపైకి లేపుకుంటూ పోతారు. భూగోళాన్ని బెలూనులా ఎగరేసుకుంటూ హింకెల్ చేసే నృత్యం చాలామందికి తెలిసినదే, చివరికి అది అతని చేతుల్లోనే పగిలిపోతుంది.

ఈ సినిమా బలం ఎక్కడుందో పరిమితి కూడా అక్కడే ఉంది. నవ్వంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది, అతను పిచ్చివాడు కాబట్టి ఇదంతా జరిగిందన్న ఊరట ప్రేక్షకుడికి మిగులుతుంది. నిర్బంధ శిబిరాల్లో జరిగిన ఘోరాలు అప్పట్లో తెలిసి ఉంటే ఈ సినిమా తీయగలిగేవాడిని కానని చాప్లిన్ 1964లో వెలువడిన తన ఆత్మకథలో రాసుకున్నారు. సినిమా చూపించేవారు ఈ మాటను ప్రేక్షకులకు తప్పక చెప్పాలి, కానీ ముందు కాదు, చూసిన తర్వాత. చివర క్షురకుడు చేసే సుదీర్ఘ ప్రసంగం దగ్గర కథ ఆగిపోయి చాప్లినే నేరుగా మనతో మాట్లాడటం మొదలుపెడతారు. విడుదలైనప్పటి నుంచీ దీన్ని మెచ్చినవారూ ఉన్నారు, కళకు భంగమన్నవారూ ఉన్నారు. డిగ్రీ విద్యార్థుల మధ్య చూసేటప్పుడు ఆ ప్రసంగం అవసరమనే నేను అంటాను, ఎందుకంటే రెండు గంటలు నవ్విన తర్వాత వాళ్ళకు గంభీరంగా ఒక మాట వినే ఓపిక ఉంటుంది.

ఇంటిల్లిపాదీ కూర్చునే సందర్భమైతే నా మొదటి ఎంపిక చాప్లిన్ కాదు, సత్యజిత్ రాయ్ 1980లో బెంగాలీలో తీసిన ‘హీరక్ రాజార్ దేశే’. వజ్రాల గనులున్న రాజ్యం, కరుకైన రాజు, అతని పాత్రలో ఉత్పల్ దత్. 1969లో రాయ్ తీసిన, పాటగాడు గూపీ, డోలు వాయించే బాఘాల కథకు ఇది కొనసాగింపే అయినా మొదటిది చూడకపోయినా ఇబ్బంది లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వంగి వంగి వజ్రాలు వెదికే మనుషులను చూసినవారికి, తవ్వినవాడికి ఆకలీ ఏలేవాడికి హారమూ దక్కే ఈ రాజ్యం ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపించదు. కొలువులో మంత్రులకు రాజు వజ్రాల హారాలు పంచుతాడు, రాజు ఏ మాటన్నా వాళ్ళు ‘ఠిక్, ఠిక్’ అంటూ తలలూపుతారు. ఎదురు మాట్లాడిన రైతునూ గని కూలీనీ ఒక యంత్రపు గదిలోకి పంపి, ఆస్థాన కవి కట్టిన ద్విపదలను వాళ్ళ బుర్రల్లోకి ఎక్కిస్తారు. పస్తులుండటం మంచిదేనని, పన్ను కట్టడమే ధర్మమని పాడుకుంటూ వాళ్ళు బయటికి వస్తారు. ఉత్సవానికి వచ్చే అతిథుల కంట పడకుండా పేదలను ఊరి నుంచి తరలించడం, బడి మూయించి పుస్తకాలు తగలబెట్టించడం చూసినప్పుడు, 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా సాగిన ఎమర్జెన్సీ గుర్తున్న పెద్దలకు వేరే వివరణ అక్కర్లేదు.

ఈ సినిమాలో ఒక విశేషాన్ని ముందే చెప్పి చూపించడం మంచిది. పాత్రలు చాలావరకు అంత్యప్రాసలతో మాట్లాడతాయి; బడిపంతులు ఉదయన్ మాత్రం మామూలు వచనంలో మాట్లాడతాడు. అందరి ఆలోచనా ఒక మూసలో పడిపోయిన రాజ్యంలో స్వతంత్రంగా ఆలోచించేవాడు అతనొక్కడే అన్న సూచన అందులో ఉంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో ఈ తేడా పూర్తిగా అందదు, చెవి పెట్టి వింటే మాత్రం బెంగాలీ రాకపోయినా తెలుస్తుంది. రాజు బడికి భయపడటం మన పిల్లలకు కొత్త సంగతేమీ కాదు. అహోబిలం తిరునాళ్ళకు వెళ్ళిన ప్రతి పిల్లవాడూ విన్న కథలో, హిరణ్యకశిపుడు కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని గురువులు ఏం నేర్పారని అడిగినప్పుడే అతని పతనానికి మొదలు పడుతుంది. కర్నూలులో ఈ సినిమా చూశాక ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు నాతో అన్న మాట ఈ పోలిక మొత్తానికి ఆధారం: “ఇందులో రాజును మనం చూడలేదు గానీ, ఆ మంత్రులు మాత్రం మనకు బాగా తెలిసినోళ్ళే సారూ.” ముగింపు గురించి ఇక్కడ రాయడం న్యాయం కాదు, అది చూసే తీరాలి.

పెద్దలు మాత్రమే ఉన్న బృందానికి, చరిత్ర మీద కొంత ఆసక్తి ఉంటే, అర్మాండో ఇయనూచీ 2017లో తీసిన ‘ది డెత్ ఆఫ్ స్టాలిన్’ను మించినది నాకు కనిపించలేదు. ఒక ఫ్రెంచి బొమ్మల నవల దీనికి మూలం. స్టాలిన్ 1953 మార్చి 5న మరణించాడు. మన వాళ్ళకు కాలం గుర్తుండాలంటే, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాదే అది. సినిమా మాస్కో రేడియోలో ఒక సంగీత కచేరీతో మొదలవుతుంది. కచేరీ అయిపోయాక స్టాలిన్ నుంచి ఫోను వస్తుంది, ఆ రికార్డింగు తనకు పంపమని. రికార్డు చేయనేలేదు. నిర్వాహకుడు పరుగున వెళ్ళి తలుపులు మూయించి, వెళ్ళిపోయినవారి బదులు వీధిలో పోయేవారిని తెచ్చి కూర్చోబెట్టి, సొమ్మసిల్లిన సంగీత నిర్దేశకుడి స్థానంలో మరొకరిని రాత్రి దుస్తులతోనే రప్పించి, కచేరీ మొత్తం మళ్ళీ వాయింపిస్తాడు. తెర మీద స్టాలిన్ ఉన్నది కొద్ది నిమిషాలే అయినా, అతని భయం మాత్రం సినిమా అంతటా ఉంటుంది. స్టాలిన్ కొలువులోని నాయకుల్లో ఒకడైన క్రుశ్చేవ్ అర్ధరాత్రి తాగి ఇంటికొచ్చి, తాను వేసిన జోకుల్లో వేటికి స్టాలిన్ నవ్వాడో, వేటికి నవ్వలేదో భార్యకు చెప్పి రాయించుకునే ఒక్క దృశ్యం, నియంతృత్వమంటే రోజువారీ బతుకులో ఏమిటో ఒక పెద్ద గ్రంథం కంటే బాగా చెబుతుంది. స్టాలిన్ స్పృహ తప్పి పడిపోతే మంచి డాక్టరును పిలవడానికి వీల్లేదు, మంచి డాక్టర్లను అప్పటికే జైల్లో వేశారు. కమిటీ సమావేశంలో పక్కవాడి చెయ్యి లేచిందో లేదో చూసుకుని మెల్లగా లేచే చేతులు, అన్నీ లేచాక ఏకగ్రీవమన్న ప్రకటన చూస్తుంటే నవ్వు వస్తూనే ఒళ్ళు జలదరిస్తుంది.

దీనితో మూడు జాగ్రత్తలు అవసరం. బూతులు, తుపాకుల చప్పుళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి పిల్లల ముందు పెట్టకూడదు. కాలాన్ని కుదించారు: నిజానికి స్టాలిన్ రహస్య పోలీసుల అధిపతి బేరియాను 1953 జూన్‌లో అరెస్టు చేసి డిసెంబరులో కాల్చి చంపితే, సినిమాలో అంతా కొద్ది రోజుల్లో జరిగిపోతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. మూడవది మనకు ప్రత్యేకమైనది. అనంతపురం జిల్లాలో కమ్యూనిస్టు ఉద్యమానికి లోతైన చరిత్ర ఉంది. తరిమెల నాగిరెడ్డి లాంటి నాయకుడిని ఇచ్చిన నేల అది. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో దొరికిన సోవియట్ తెలుగు పుస్తకాలు చదువుకుని పెరిగిన పెద్దలకు ఈ సినిమా మనసు కష్టపెట్టవచ్చు. వాళ్ళను తప్పించి చూడటం కంటే, పిలిచి కూర్చోబెట్టి, తర్వాత వాళ్ళనే ముందుగా మాట్లాడనివ్వడం సరైన పద్ధతి. ఆ కాలాన్ని నమ్మకంతో బతికినవారి మాట వినకుండా స్టాలిన్ మీద నవ్వడం సగం చర్చే అవుతుంది. ఇక రష్యా ప్రభుత్వం 2018 జనవరిలో ఈ సినిమా ప్రదర్శన అనుమతిని రద్దు చేసింది. మరణించి అరవై ఐదేళ్ళు కావస్తున్న మనిషి మీద వేసిన నవ్వు ఇంకా గుచ్చుకుంటోందంటే ఈ ఎంపిక సరైనదేనని నాకు అనిపిస్తుంది.

ఈ మూడింటి మధ్యే ఎంచుకోవాలంటే ఇలా చూసుకోవచ్చు. ఇంగ్లీషు చదవడం కష్టమైన పెద్దలు ఉంటే చాప్లిన్, పిల్లలు ఉంటే రాయ్, ఉద్యోగులూ కార్యకర్తలూ ఉపాధ్యాయులూ ఉంటే ఇయనూచీ. ఒక్క సినిమాకే వీలుండి, వచ్చేది ఎవరో ముందుగా తెలియకపోతే నేను రాయ్ సినిమానే పెడతాను, సందేహమే లేదు.

హైస్కూలు పిల్లలకు, అమ్మానాన్నలు పక్కన ఉండేట్టయితే, టైకా వైటీటీ 2019లో తీసిన ‘జోజో రాబిట్’ కూడా బాగుంటుంది. పదేళ్ళ జర్మన్ కుర్రవాడికి హిట్లరే ఊహల్లో స్నేహితుడు. అదే ఇంట్లో గోడ వెనుక తల్లి ఒక యూదు అమ్మాయిని దాచి ఉంచుతుంది. ఉత్తమ అనుసరణ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చిన ఈ సినిమాలో, పసివాడి బుర్రలోకి ద్వేషం ఎలా ఎక్కుతుందన్నది ముఖ్యం. మధ్యలో ఒక మరణం పిల్లలను బాగా కలవరపెడుతుంది కాబట్టి పెద్దలు ముందు ఒకసారి చూసి ఉండాలి. దీని పక్కన ఎర్నస్ట్ లుబిచ్ 1942లో తీసిన ‘టు బీ ఆర్ నాట్ టు బీ’ని పెడితే, కళాఖండంగా రెండవదే గొప్పదంటాను. వార్సాలోని నాటక బృందంలో హిట్లర్ వేషగాడు, తన వేషం బాగాలేదన్న మాటకు పౌరుషం వచ్చి వీధిలోకి నడుస్తాడు, ఊరంతా నిశ్చేష్టులై చూస్తుంటే ఒక చిన్న పాప వచ్చి అతనిని అసలు పేరుతో పిలిచి ఆటోగ్రాఫ్ అడుగుతుంది. సురభి నాటకాలు చూసి పెరిగినవారికి, వేషాన్నే ఆయుధం చేసుకున్న ఆ నటుల తెగువ ఎక్కడ తాకాలో అక్కడ తాకుతుంది. అయితే సంభాషణల వేగం ఎక్కువ, సబ్‌టైటిళ్ళు చదివే అలవాటు లేకపోతే సగం చమత్కారం జారిపోతుంది.

రెండు సినిమాల విషయంలో తొందరపడవద్దని చెబుతాను. సాషా బారన్ కోయెన్ నటించిన 2012 నాటి ‘ది డిక్టేటర్’ యువకులు ఎక్కువగా అడిగేది. అశ్లీలం సంగతి అలా ఉంచినా, అందులో నవ్వు చాలావరకు ఒక కల్పిత ఎడారి దేశపు యాస మీదా గడ్డం మీదా పడుతుంది. అలాంటి నవ్వు నియంతృత్వానికి తగలదు, ఒక జాతికి తగులుతుంది. చివరలో అమెరికా నియంతృత్వమైతే ఎలా ఉండేదో ఊహించుకోమంటూ ఆ నియంత చేసే ప్రసంగం మాత్రం నిజంగా పదునైనది. ఆ ఒక్క భాగాన్ని చర్చకు తీసుకుంటే చాలు. 2015లో జర్మనీలో వచ్చిన ‘లుక్ హూజ్ బ్యాక్’ చాలా తెలివైన సినిమా: హిట్లర్ మళ్ళీ ప్రత్యక్షమై టీవీ తారగా మారిపోతాడు, వేషంలో ఉన్న నటుడిని నిజమైన వీధుల్లో తిప్పితే జనం ఎగబడి సెల్ఫీలు దిగుతారు. నవ్వించగలవాడిని జనం ఎంత త్వరగా క్షమిస్తారో ఇది చూపిస్తుంది. కానీ మార్గదర్శనం లేకుండా చూస్తే అదే మనిషి ముద్దుగా కనిపించే ప్రమాదం ఉంది కాబట్టి, చాప్లిన్ సినిమా చూసి చర్చించిన బృందానికే దీన్ని చూపించాలి.

వ్యంగ్యం కాని చిత్రణల్లో ‘డౌన్‌ఫాల్’ (2004), ‘ది లాస్ట్ కింగ్ ఆఫ్ స్కాట్లండ్’ (2006) ముఖ్యమైనవి. మొదటిదానిలో బ్రూనో గాంజ్ హిట్లర్‌గా బంకరులో అరిచే నాలుగు నిమిషాలకు రకరకాల భాషల్లో తమాషా సబ్‌టైటిళ్ళు పెట్టి జనం పంచుకున్నారు. ఆ ముక్కలు చూసి నవ్వినవారు అసలు సినిమా చూస్తే నవ్వలేరు. రెండవదానికి ఫారెస్ట్ విటేకర్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నారు. 1972లో ఆసియా సంతతివారిని ఉగాండా నుంచి వెళ్ళగొట్టిన ఇదీ అమీన్‌ను, మొదట ఎంత మనసు దోచుకునేవాడో చూపి, ఆ తర్వాతే అసలు రూపం చూపిస్తారు. హింస చాలా తీవ్రంగా ఉంటుంది, స్కాటిష్ డాక్టరు పాత్ర కల్పితం.

ఇవన్నీ చూసేసినవారు మోసెన్ మఖ్మల్‌బాఫ్ ‘ది ప్రెసిడెంట్’ (2014) వెదుక్కోవాలి. ముసలి నియంత మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఫోనులో ఒక్క మాటతో నగరమంతా దీపాలు ఆర్పించి, మళ్ళీ వెలిగించి చూపిస్తాడు. పిల్లవాడు ముచ్చటపడి తానూ ఆర్పిస్తాడు. ఈసారి దీపాలు వెలగవు, చీకట్లో తుపాకులు మోగుతాయి. రుమేనియా నుంచి 2009లో వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ ది గోల్డెన్ ఏజ్’లో ఒక చిన్న కథ ఇంకా బాగుంటుంది: ఫ్రాన్స్ అధ్యక్షుడి పక్కన తమ నాయకుడు టోపీ లేకుండా నిలబడితే చిన్నతనంగా ఉంటుందని పత్రికవారు ఫొటోలో ఆయన తలకు టోపీ అతికిస్తారు, చేతిలో ఉన్న టోపీ సంగతి మరిచిపోతారు.

మన దేశంలో ఈ రకం వ్యంగ్యానికి ఏ గతి పట్టిందో తెలియాలంటే ‘కిస్సా కుర్సీ కా’ను కూడా జాబితాలో ఉంచాలి. అప్పటి కాంగ్రెస్ ఎంపీ అమృత్ నాహటా తీసిన తొలి రూపాన్ని ఎమర్జెన్సీలో స్వాధీనం చేసుకుని ప్రింట్లను నాశనం చేశారు. దాని మీద నడిచిన కేసులో సంజయ్ గాంధీకీ, అప్పటి మంత్రి వి.సి. శుక్లాకూ కింది కోర్టు వేసిన శిక్షలను సుప్రీంకోర్టు తర్వాత కొట్టివేసింది. 1978లో ఆయన సినిమాను మళ్ళీ తీశారు. షబానా ఆజ్మీ నోరు లేని ‘జనతా’గా నటించింది. సినిమాగా ఇది రాయ్ స్థాయికి రాదు, చాలాచోట్ల గరుకుగా ఉంటుంది, అయినా దాని చరిత్ర కోసం ఒకసారి చూడవలసిందే.

ఏది ఎంచుకున్నా, ప్రదర్శనకు ముందు పది నిమిషాలు తెలుగులో కాలమూ దేశమూ పరిచయం చేయడం, సబ్‌టైటిళ్ళ అక్షరాలు వెనుక వరుసకు కనిపిస్తున్నాయో లేదో ముందు రోజే చూసుకోవడం తప్పనిసరి. చర్చను ‘నియంత ఎలా ఉన్నాడు’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు, అందరూ ‘క్రూరుడు’ అని చెప్పి ఊరుకుంటారు. ఈ కథలో భయంతో మొదటి అబద్ధం ఆడింది ఎవరు, ఆ సమయంలో అతను ఇంకేం చేయగలిగి ఉండేవాడు అని అడగండి. చాప్లిన్ సినిమాలో హింకెల్ ఊగిపోతూ అరిచినదాన్ని రేడియోలో మర్యాదైన రెండు ముక్కలుగా అనువదించే గొంతు, రాయ్ కొలువులో హారం తడుముకుంటూ తలూపే మంత్రి, మాస్కో రేడియోలో లేని రికార్డింగును పుట్టించిన నిర్వాహకుడు, ముగ్గురూ చెడ్డవాళ్ళు కారు. ఆ ముగ్గురి గురించి మాట్లాడటానికి కనీసం ఒక గంట కేటాయించి, హాలు తాళాలు తీసుకునేటప్పుడే ఆ సంగతి వాచ్‌మన్‌కు చెప్పి పెట్టుకోండి.